ముందొక ఆవు, వెనకొక ఆవు

రాచబాట పడ్డ నాటి నుంచి ఊరి మందను కాసే నూకాలుకి ప్రాణం విసిగిపోయింది. మేత బాటకి అవతల, ఊరు ఇవతల, మధ్యలో ఆగకుండా పరిగెత్తే బళ్లు. బళ్లను ఆపి పశువులను దాటిస్తామంటూ సుంకాధికారి భైరవమూర్తి ఇద్దరు భటులను పెట్టి, పశువుకో కాసు వసూలు చేసేవాడు. కాసులు చేతిలో పడగానే భటులు కునుకు తీసేవాళ్లు. ఒకరోజు బండి చక్రం కింద పడి ఓ దూడ కాలు విరిగింది.

నూకాలు వెళ్లి నిలదీసింది.

"దాటింది కదా! ఇంకేం కావాలి?" అన్నాడు అధికారి.

"దాటిందయ్యా, మూడు కాళ్లతో!" అని విసవిసా వచ్చేసింది.

ఆ మందలోనే అధికారి ఆవులు రెండు ఉచితంగా మేసేవి. మర్నాడు సాయంత్రం నూకాలు ఒకదాన్ని మందకి ముందు, రెండోదాన్ని చిట్టచివర నడిపిస్తూ, "అయ్యగారి ఆవులొస్తున్నాయి!" అని కేకేసింది.

భటులు ఉలిక్కిపడి లేచి బళ్లకి ఈటెలు అడ్డం పెట్టారు. చివరి ఆవు దాటేదాకా ఒక్క చక్రం కదలలేదు. మధ్యలో నలభై పశువులు కాసు కట్టకుండానే తాపీగా దాటిపోయాయి.

అధికారి ఊగిపోతూ వచ్చాడు. "నా నలభై కాసులేవే?"

"బళ్లను ఆపింది మీ ఆవుల కోసం కదయ్యా? మా కోసమే అంటే రేపు ఆపొద్దులెండి. మీ ఆవులు మాత్రం ఇలాగే ముందొకటి, వెనకొకటి నడుస్తాయి."

అధికారి దూసుకుపోతున్న బళ్లను చూశాడు, నిండు చూలుతో ఉన్న తన ఆవును చూశాడు. కాసుల మాట వదిలేసి భటుల మీద విరుచుకుపడ్డాడు.

"కూర్చున్నారేంరా? రేపటి నుంచి నిలబడే ఉండండి!"