కునుకులమ్మ గుట్ట సీమచామంతి

చింతరేవులపల్లె గుట్ట మీది కునుకులమ్మ గుడికి నూట పది మెట్లు. ఎక్కినవారికి ముందుగా గుడి పెరడు, పెరడు నిండా తెల్లని సీమచామంతి పూలు కనిపిస్తాయి. ఇక్కడి అమ్మవారు కళ్ళు మూసుకొని ఉంటుంది. పూజారిగారికీ ఆ అలవాటు ఉన్నది గాని, అది స్థల మహిమ కాదు.

పూర్వం ఇక్కడ పాపక్క అనే గొర్రెల కాపరి ఇల్లాలు ఉండేది. ఆమె కూతురు మునెమ్మకు విషజ్వరం తగ్గింది గాని, జ్వరంతో పాటే నిద్రా పోయింది. పిల్ల పుల్లలా ఎండిపోసాగింది. ఒకనాడు పాపక్క ఇంట గొర్రెపాలు తాగిన బైరాగి చిటికెడు విత్తనాలిచ్చి, "పెరట్లో పెంచు తల్లీ. పూలు ఎండబెట్టి కషాయం పట్టు" అన్నాడు. ఎలా చల్లాలో చెప్పకుండానే వెళ్ళిపోయాడు. బైరాగులకు తొందరెక్కువ.

ఊరిపెద్ద బయ్యారెడ్డికి తెలియని సేద్యం లేదు. ఆ మాట ఆయనే చెప్పేవాడు. "నీకేం తెలుసే పాపా, ఇట్ల తే!" అని సగం విత్తనం తీసుకొని, మోకాటి లోతు తవ్వించి, బండెడు పేడ వేసి పూడ్చాడు. పాపక్క మిగిలిన సగం పెరట్లో చల్లి, మట్టి కప్పబోతూ, అలసటతో పార పట్టుకొనే కునుకు తీసింది. ఆ కునుకులో గుట్ట మీది అమ్మ కనిపించి, "కప్పొద్దే! వాటికి వెలుతురు కావాల. అరచేత్తో అద్ది వదిలెయ్" అన్నది.

"పిచ్చుకలకు విందు పెట్టినావా అక్కా?" అని ఊరు నవ్వింది. పాపక్క పిచ్చుకలను తోలుతూ, నీళ్ళు చిలకరిస్తూ కూర్చున్నది. పదో నాటికి పెరడు పచ్చబడింది. బయ్యారెడ్డి మడిలో గుమ్మడి మొలిచింది. అది ఆయన నాటినది కాదు, పేడలో వచ్చినది.

మాఘంలో పూలు కోసి, ఎండబెట్టి, కషాయం కాచింది. మునెమ్మ తాగి, తల్లి ఒడిలో తల పెట్టి, గురక పెట్టింది. ఊరంతా డప్పులెత్తుకొని పరుగెత్తుకొచ్చింది. పాపక్క గడప మీద నిలిచి, "ఎవడన్నా కొట్టినాడంటే చేతులిరుస్తా!" అన్నది. అంతటి జయానికీ ఊరు డప్పులు భుజాన మోసుకొని, చప్పుడు లేకుండా అమ్మకు మొక్కడానికి గుట్టెక్కింది. అంతవరకు కళ్ళు తెరిచి ఉన్న అమ్మ రెప్పలు ఆ రోజు వాలి ఉన్నాయి. నాటి నుండి కునుకులమ్మ అయింది.

నేటికీ మాఘ పౌర్ణమి ఉత్సవంలో డప్పులు భుజాన మోస్తారు, కొట్టరు. కార్తీకంలో గుడి పెరట్లో బయ్యారెడ్డి వంశంవారే విత్తనం చల్లాలి. పాపక్క ఇంటి ఆడపడుచు, "కప్పినావా రెడ్డీ?" అని అడుగుతుంది. "కప్పలేదు తల్లీ" అని మట్టి అంటిన అరచేతులు చూపేవరకు తీర్థం ఇవ్వరు. ఇక్కడి చిటికెడు విత్తనం ఇంటికి తీసుకుపోయి, కప్పకుండా పెంచుకున్నవారి ఇంట అమ్మ దయవల్ల అందరికీ కంటినిండా నిద్ర.