తౌడుకిచ్చిన పిల్ల

కాళ్ళు ముడుచుకో బంగారూ. మధ్యలో మంచినీళ్ళని లేచావంటే కథ ఆపేస్తాను, చెప్తున్నా. అనగనగా ఏటి ఒడ్డున ఒక ఊళ్ళో ఆదెమ్మ అని ఒకావిడ ఉండేది. ఆవిడకి పిల్లలు పుట్టేవారు గానీ నిలిచేవారు కాదు. ఇద్దరు పుట్టారు, ఇద్దరూ పురిట్లోనే పోయారు. మూడోసారి ఆడపిల్ల పుట్టింది.

ఆ ఊళ్ళో ఒక ఆచారం ఉంది. పిల్లలు దక్కని తల్లి, పుట్టిన బిడ్డని ఇంకొకరికి చేటెడు తౌడుకి ఇచ్చెయ్యాలి. తౌడుకి పోయిన బిడ్డ మీద చావు కన్ను పడదని వాళ్ళ నమ్మకం. పదకొండో రోజున ఆ తౌడు తిరిగి ఇచ్చేసి, "నీ తౌడు నీకు, నా బిడ్డ నాకు" అని మూడుసార్లు అనాలి. అలా అంటేనే బిడ్డ మళ్ళీ తల్లిదవుతుంది.

అప్పుడు ఆదెమ్మ, అక్కలాంటిదని తను అప్పా అని పిలిచే ఎదురింటి పైడమ్మ దగ్గరికి వెళ్ళింది. పైడమ్మ వడ్లు దంచి బతికేది. ఆవిడ బిడ్డని ఒళ్ళోకి తీసుకుని, తవిటమ్మ అని పేరు పెట్టి, చేటెడు తౌడు ఇచ్చింది. "నా పిల్లకి పాలిచ్చి సాకు, పదకొండో నాడు రా" అని బిడ్డని తల్లి చేతికే ఇచ్చి పంపింది.

అది కరువు ఏడాది. ఇంట్లో గింజ లేదు. బాలింత ఆకలి ఎలా ఉంటుందో నీకేం తెలుసు, నన్నడుగు. ఆదెమ్మ మొదటిరోజు ఓర్చుకుంది. రెండోరోజూ ఓర్చుకుంది. మూడోరోజు ఆ తౌడులో నీళ్ళు పోసి కలిపి, రొట్టె కాల్చుకుని తినేసింది. ఆ తర్వాత రోజుకొకటి. పదకొండో రోజుకి చేట ఖాళీ. సిగ్గేసి పైడమ్మ గడప తొక్కలేదు. పైడమ్మకీ ఒక కూతురుంది, ఆ పిల్లతోనే సరిపోయేది, ఆవిడా అడగలేదు.

ఐదేళ్ళు గడిచాయి. అప్పుడు పైడమ్మ కూతురు జ్వరమొచ్చి పోయింది. ఇల్లు బోసిపోయింది. ఏటి అవతల అన్నగారింటికి పోతానని మూట కట్టుకుని, పైడమ్మ నేరుగా ఆదెమ్మ ఇంటికొచ్చింది.

"ఒలే ఆదెమ్మా, నా తవిటమ్మని నాకియ్యి. నువ్వు ఎనక్కి తీసుకోనేదు కదా. ఎల్లుండి పడవకి నాతో తీసుకుపోతాను."

ఊరి పెద్దలు కూడా, "మాట అనలేదు గనక పిల్ల పైడమ్మదే" అన్నారు. పెద్దలకేం, వాళ్ళ పిల్లా ఏమన్నానా! దెబ్బలాడి ఉంచుకుందామంటే, ఆదెమ్మకి ఆచారం తప్పితే పిల్ల ప్రాణానికేమవుతుందోనని భయం. పైడమ్మ పిల్ల చెయ్యి పట్టుకుని తీసుకుపోయింది.

ఆ పూటే ఆదెమ్మ పొరుగింట్లో చేటెడు తౌడు చేబదులు తీసుకుని పరిగెత్తింది. పైడమ్మ చిటికెడు తీసి వాసన చూసింది. "ఇది నా తౌడు కాదే" అంది.

మర్నాడు ఆదెమ్మ కుంచెడు వడ్లు తెచ్చి, పైడమ్మ రోట్లోనే, పైడమ్మ రోకలితోనే దంచింది. చేతులు బొబ్బలెక్కాయి. "రోలు నాదే, తౌడు నాది కాదు. నేనిచ్చిన తౌడేటి సేసినావు?" అంది పైడమ్మ. ఆదెమ్మ చేట చంకన పెట్టుకుని ఇంటికి వచ్చేసింది.

మూడోరోజు పడవ వచ్చేసింది. తవిటమ్మ పడవలో కూర్చుని అమ్మా అమ్మా అని ఏడుస్తోంది. పడవవాడు గెడ చేత పట్టాడు. అప్పుడు ఆదెమ్మ ఖాళీ చేతులతో పరిగెత్తుకొచ్చి, మోకాలి లోతు నీళ్ళలోకి దిగి పడవ అంచు పట్టుకుంది.

"తౌడేదే?" అంది పైడమ్మ.

"తినేసినానప్పా. ఆకలికి ఆగనేకపోనాను. బాలింత తౌడు తిన్నాదని నలుగురూ నవ్వుతారని దాచినాను. ఆ తౌడే నాకు పాలైనాది, ఆ పాలే ఈ గుంట తాగినాది. ఇంకెక్కడని తెచ్చీది? నీ తౌడు దీని ఒంట్లోనే ఉంది."

పడవవాడు "ఎల్దామా?" అన్నాడు.

"మరి ఏ మాట అని పిల్లని తీసుకుపోతావే?" అని పైడమ్మ ఆదెమ్మనే అడిగింది.

"నా బిడ్డని నాకియ్యి అననప్పా. మన బిడ్డని ఇంటికి పంపు."

ఒకసారి అంది. రెండోసారి అంది. మూడోసారి అనబోతుండగానే పడవ కదలబోయింది. ఆదెమ్మ వేళ్ళు అంచు మీంచి జారిపోతున్నాయి.

అప్పుడు మూడోసారి పైడమ్మే అంది. "మన బిడ్డ" అని, పిల్లని ఎత్తి తల్లి చంకన పెట్టింది. ఆ తర్వాత తన మూట కూడా తీసుకుని, చీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టి నీళ్ళలోకి దిగేసింది.

"నువ్వెక్కడికప్పా?" అంది ఆదెమ్మ.

"మన బిడ్డంటివి కదే. మరి నేనెక్కడికి పోతాను?"

కథేమో కంచికి పోయింది,
కునుకేమో కంటికి వచ్చింది,
మనమేమో ఇంట్లోనే ఉన్నాం,
దుప్పటి కప్పుకో, పడుకుందాం.