ఏడో మలుపు కొంగుచుక్క తల్లి

దేవరగెడ్డ నుంచి పైకెక్కే ఘాటు రోడ్డులో ఏడో మలుపు దగ్గర అడిగితే బస్సు ఆపుతారు. దిగిన భక్తులకు ముందు వాసన ఎదురవుతుంది, ఆ తరువాతే గుడి కనబడుతుంది. జామాయిల్ తోపు నడుమ నాలుగు రాతి స్తంభాలు, పైన రేకుల కప్పు, లోపల బోర్లించిన రాగి బాన. అదే కొంగుచుక్క తల్లి మూలరూపం. ఆ బానకు కళ్ళు లేవు, చేతులు లేవు. గుండ్రని ఎర్ర బొట్టు ఉంది. బొట్టు కింద సున్నంతో రాసిన ఒకే ఒక్క మాట ఉంది: 'తాగరాదు'.

ఈ సన్నిధిలో ఎవరూ దోసిలి పట్టరు. పిడికిళ్ళు మూసుకొని వస్తారు. తీర్థం ఇచ్చే ఆచారం ఇక్కడ లేదు. పూజారిణి నీలగిరి తైలం ఒక్క చుక్క కొంగు చివరనో, కండువా చివరనో వేసి ముడి వేస్తుంది. దీపాన్ని గడపకు దూరంగా వెలిగిస్తారు, ఆ తైలానికి నిప్పు తగిలితే భగ్గుమంటుంది కనుక. ఈ కట్టుబాట్లు ఎలా వచ్చాయో పెద్దలు చెప్పింది చెప్పినట్టు రాస్తున్నాం.

పూర్వం ఇక్కడ జామాయిల్ చెట్టు లేదు. రైలింజన్ల కట్టెల కోసం ఒక దొర విత్తనాలు తెప్పించి కొండంతా నాటించాడు. అంతకుముందు ఈ కొండ మీద ఏ చెట్లు ఉండేవో ఎవరూ రాసిపెట్టలేదు. రాసే కలం ఆ రోజుల్లో దొర చేతిలోనే ఉండేది. ఆకులో నూనె ఉందని తెలిశాక ఏడో మలుపులో బట్టీ పెట్టాడు. రాగి బానలో ఆకు కూరి, నీళ్ళు పోసి, కింద మంట వేస్తే, ఆవిరి గొట్టంలో పడి చన్నీళ్ళ తొట్టి గుండా పోయి చల్లబడుతుంది. నూనె నీటి మీద తేలుతుంది. మూడు బస్తాల ఆకు ఉడికితే ఒక్క సీసా.

ఆ మంట ముందు కూర్చున్నది సూరీడమ్మ, ఆమె పెనిమిటి అప్పలసూరి. అప్పలసూరి ఒక ఏడు చలిజ్వరంతో పోయాడు. కొన్నేళ్ళకు దొర ఓడెక్కాడు. కుర్చీలూ కుక్కలూ వెంట తీసుకుపోయాడు. రాగి బాన బరువని వదిలేశాడు. సూరీడమ్మను ఎందుకు వదిలేస్తున్నాడో ఆలోచించుకునే అవసరం కూడా అతనికి కలగలేదు. సీసాలకు అంటించే కాగితాల కట్ట ఒకటి గూట్లో ఉండిపోయింది. ప్రతి కాగితం మీదా ఒక గుండ్రని ఎర్ర గుర్తు, దాని కింద ఇంగ్లీషు అక్షరాలు.

ఆ తరువాత సూరీడమ్మ చెవిన మనిషి మాట పడేది వారానికి ఒక్కసారే. సంతకు ముందు రోజు దిగువ ఊరి గవరమ్మ బియ్యమూ ఉప్పూ తెచ్చి, ఆ కాగితాలు అంటించిన సీసాలు పట్టుకుపోయేది. ఆ గంటసేపూ ఇద్దరూ తెగ మాట్లాడుకునేవారు. మిగతా ఆరు రోజులూ సూరీడమ్మ గొట్టం చివర జారే చుక్కతో మాట్లాడేది. గవరమ్మ దిగిపోయేటప్పుడు మలుపు దాకా సాగనంపి, ఆమె కోక రంగు చెట్ల మధ్య కలిసిపోయేదాకా అక్కడే నిలబడేది.

తైలం గుణాలను సూరీడమ్మకు ఏ శాస్త్రమూ నేర్పలేదు. ఆమెకు ఒళ్ళే పలక. తిన్నగా రాస్తే చర్మం మండుతుందని, నువ్వుల నూనెలో కొద్దిగా కలిపి రాస్తే మోకాళ్ళ నొప్పిని లాగేస్తుందని తెలుసుకుంది. వేడి నీళ్ళలో రెండు చుక్కలు వేసి, మొహం దూరంగా పెట్టి పీలిస్తే ముక్కు తేలికపడుతుంది. ఒకసారి గవరమ్మ వెంట తెచ్చిన చంటిపిల్లను తైలం అంటిన చేత్తో ఎత్తుకుంటే ఆ పిల్లకు ఊపిరి ఎగదన్నింది. నాటి నుంచి చంటివాళ్ళ దరికి ఆ వాసన పోనిచ్చేది కాదు. దాన్ని ఎవరైనా తాగుతారన్న ఆలోచన మాత్రం ఆమెకు ఎన్నడూ రాలేదు.

ఒక చలికాలం ఊళ్ళన్నీ దగ్గుతో మూలిగాయి. తైలంతో ఉపశమనం కలిగినవాళ్ళు సీసా మీది ఎర్ర గుర్తు చూసి అమ్మవారి బొట్టు అన్నారు. కాగితాన్ని కళ్ళకద్దుకున్నారు. తైలాన్ని తీర్థమన్నారు. జనం కొండెక్కసాగారు. ఇది తీర్థం కాదు, ఆకునూనె అని మొదట్లో సూరీడమ్మ చెప్పింది. వాళ్ళు అది ఆమె అణకువ అనుకొని దండం పెట్టారు. మర్నాటి నుంచి ఆమె చెప్పడం మానేసింది. ఆమెకు కావలసింది పూజలు కాదు, మనుషులు. వాళ్ళు తోపులో కూర్చుని చద్దన్నం తింటుంటే, పిల్లలు అల్లరి చేస్తుంటే, పొయ్యి పక్కన కూర్చుని వింటూ ఉండేది.

మాఘ అమావాస్య నాడు మరీ ఎక్కువమంది వచ్చారు. నువ్వుల నూనెతో కలిపి గుండెకు రాసుకోమని చెబుతూ ఒక్కొక్కరి అరచేతిలో చుక్క వేస్తోంది. ఆఖరున దగ్గుకుంటూ గవరమ్మ వచ్చింది.

"పెద్దదానివయిపోనావప్పా. నిన్ను సూడాలంటే వరసలో నిలబడాలేటి?" అని ఎకసెక్కమాడింది.

"నీకు వరసేటే. పట్టు సెయ్యి," అని సూరీడమ్మ ప్రేమకొద్దీ దోసిలి నిండా పోసింది.

గుండెకు రాసుకోమనేలోగా వెనక నుంచి ఎవరో పిలిచారు. అటు చూసి ఇటు తిరిగేసరికి గవరమ్మ కళ్ళు మూసుకొని దోసిలి పెదవులకు ఆనించుకుంది. మిగిలిన తడిని నెత్తికి రాసుకుంటోంది. ఏళ్ళ తరబడి ఆ సీసాలు మోసిన మనిషే. కానీ ఆ ఏడు ఊరంతా దాన్ని తీర్థమంది. తీర్థం పట్టిన చెయ్యి నోటి దగ్గరికి తనంతట తానే వెళ్ళిపోతుంది.

గవరమ్మ గొంతు పట్టుకుంది. తూలింది. మాట ముద్దగా మారింది. వాంతి చేయించాలని ఎవరో చింతపండు పిసుకుతుండగానే ఆమెకు ఫిట్స్ వచ్చాయి. డోలీ కట్టి మైదానంలోని ఆసుపత్రికి మోశారు. వాంతి చేయించకపోవడమే మేలైందని, లేకపోతే నూనె ఊపిరితిత్తుల్లోకి పోయేదని అక్కడి కాంపౌండరు చెప్పాడు. సూరీడమ్మ వెంట తెచ్చిన సీసా తిప్పి చూసి అడిగాడు.

"తాగరాదు, ప్రాణం పోతుంది అని దీని మీద రాసే ఉంది కదమ్మా. ఈ ఎర్ర గుర్తు కనబళ్ళేదా?"

"బొట్టనుకున్నాం బాబూ," అంది సూరీడమ్మ.

భక్తులారా, ఇక్కడ ఒక్క క్షణం ఆగండి. ఆకు కోసిన చేతులు మనవి, మంట ముందు మాడిన ఒళ్ళు మనది. ఆ సరుకు ప్రాణం తీస్తుందన్న కబురు మాత్రం మనకు రాని భాషలో రాసిపెట్టారు. అజ్ఞానం నేరం కాదు, అజ్ఞానంలో ఉంచడమే నేరం. చదువు కొందరి సొత్తయిన చోట హెచ్చరిక కూడా బొట్టయిపోతుంది.

సూరీడమ్మ మాత్రం దొరను తిట్టలేదు. తాను చెప్పడం మానేసిన రోజునే తలచుకుంది. గవరమ్మ బతికింది. కానీ ఆమె ఇంటివాళ్ళు ఇక కొండ ఎక్కనివ్వలేదు.

ఒక మధ్యాహ్నం చల్లారిన బట్టీకి ఆనుకొని కునుకు తీస్తుండగా సూరీడమ్మకు కల వచ్చింది. రాగిరంగు ఆడమనిషి ఎదురుగా నిలబడింది. రెండు పిడికిళ్ళూ మూసి ఉన్నాయి.

"నా పేరు మీద జనాన్ని రానిచ్చినావు. ఇప్పుడు నా పేరు తీసేసి పిలు."

"ఎవలూ రారు తల్లీ," అంది సూరీడమ్మ.

"రారు," అంది ఆమె.

సూరీడమ్మ లేచి ఆసుపత్రికి నడిచింది. కాంపౌండరు చేత ఆ ఒక్క మాట తెలుగులో రాయించుకొని, అక్షరాల ఒంపులు చూసుకుంటూ సున్నంతో బాన మీద దిద్దింది. ఆమె జీవితంలో రాసిన మొదటి మాట అదే. వచ్చిన ప్రతి ఒక్కరికీ, ఇది తీర్థం కాదు, తాగితే చస్తారు అని చెప్పింది. మహిమ పోయిందన్నారు కొందరు. పొగరెక్కిందన్నారు కొందరు. జనం పలచబడ్డారు. ఆ తరువాత బొత్తిగా లేకపోయారు. మూడు చలికాలాలు ఆమె గొట్టం చివర చుక్కతోనే మాట్లాడింది. మలుపు దాకా వెళ్ళేది, సాగనంపడానికి ఎవరూ లేక వెనక్కి వచ్చేది.

నాలుగో చలికాలంలో మలుపు దగ్గర ఒక కోక రంగు కదిలింది. గవరమ్మ. గొంతు గరగరలాడుతోంది. రెండు పిడికిళ్ళూ బిగించి ఉన్నాయి. ఆ పిడికిళ్ళు చూడగానే సూరీడమ్మకు కల గుర్తొచ్చింది.

"ఈయేల వరస నేదేటప్పా?" అంది గవరమ్మ.

సూరీడమ్మ సీసా తెచ్చి బిరడా తీసింది.

"సెయ్యి పట్టను. సెయ్యి ఎర్రిది, నోటికే పోతాది. కొంగు మీద ఎయ్యి."

సూరీడమ్మ ఒక్క చుక్క వేసి ముడి బిగించింది. ముడి వదలకుండానే అడిగింది. "నోట్లోకి?"

"పోదప్పా."

ఆనాటి నుంచి ఇది కొంగుచుక్క. సూరీడమ్మ కాలం చేశాక ఆమె బానను బోర్లించి, సీసా మీది ఎర్ర గుర్తునే బొట్టుగా దిద్ది, కింద ఆమె రాసిన మాటను మళ్ళీ రాసి ఇక్కడే ప్రతిష్ఠించారు.

నేటికీ పూజారిణి ముడి వేస్తూ "నోట్లోకి?" అని అడుగుతుంది. "పోదు" అంటేనే ముడి వదులుతుంది. చంటిబిడ్డ తల్లులకు చుక్క వేయరు. పొరపాటున ఎవరైనా తాగితే వాంతి చేయించకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకుపోవాలని బయట బల్ల మీద రాసి ఉంటుంది. ఈ తల్లికి మొక్కు ఒక్కటే: చదువు రాని మనిషి పక్కన నిలబడి బాన మీది మాటను పైకి చదివి వినిపించాలి. అలా చదివినవారికి ఊపిరి తేలికపడుతుందని, విన్నవారి ఇంట చెడు మరణం ఉండదని నమ్మకం.

ఒంటరిగా వచ్చిన భక్తులను పూజారిణి ఏడో మలుపు దాకా సాగనంపుతుంది. బస్సెక్కాక ఒకసారి వెనక్కి తిరిగి చూడండి. మీ బట్టల రంగు కనబడకుండా పోయేదాకా ఆమె అక్కడే నిలబడి ఉంటుంది.