గురవమ్మ ఉగ్గుగిన్నె

అనగనగనగా, మన తాతల తాతలు దిసమొలతో ఆడుకునే రోజుల్లో, ఒక ఏటి ఒడ్డున ఒక ఊరుండేది. ఆ ఊళ్ళో గురవమ్మ అనే ముసలమ్మ ఉండేది. పసిపిల్లలకి నీళ్ళు పోయడం ఆమె పని. కాళ్ళు చాపి, బిడ్డని కాళ్ళ మీద వేసుకుని, నలుగు పెట్టి, నీళ్ళు పోసి, సాంబ్రాణి పొగ పట్టి, ముక్కున్న ఉగ్గుగిన్నెతో ఉగ్గు పట్టేది. ఎంత మొండి బిడ్డయినా ఆమె చేతిలో గుటక వేయాల్సిందే. ఊళ్ళో సగం మంది ఆమె కాళ్ళ మీద పెరిగినవాళ్ళే. అయినా దారిలో ఎదురైతే పలకరించేవాళ్ళు తక్కువ. నీళ్ళుపోసే ముసలమ్మని ఎవరు గుర్తుపెట్టుకుంటారు చెప్పండి?

ఆ ఊళ్ళోనే రాచపుండుకి మందిచ్చే వైద్యుడొకాయన ఉండేవాడు. రాచపుండంటే ఇప్పుడు మనం క్యాన్సర్ అంటున్నామే, అదే. ఆయన మందు మూడు విడతలు. పుండుతో పాటు మనిషినీ కాల్చే మందది. అది పడిందంటే నోరంతా పూసేది, అన్నం చూస్తేనే కడుపులో తిప్పేది. అందుకని ఆయన ప్రతి విడతకీ ముందు రోగిని వడ్లు తూచే కాటాలో కూర్చోబెట్టి తూచేవాడు. ఒంట్లో సత్తువ లేనివాళ్ళకి మందివ్వకుండా వెనక్కి పంపేవాడు. అలా ఏడుస్తూ వెనక్కి మళ్ళిన బళ్ళు ఎన్నో.

ఒకసారి పున్నయ్య అనే బండి తోలే మనిషి, పెళ్ళాం రత్తమ్మతో ఆ మందు కోసం వచ్చి సత్రంలో దిగాడు. మిరపకాయల బస్తాని ఒంటిచేత్తో బండిలోకి ఎత్తేవాడట! అలాంటివాడు రెండు విడతలు పడేసరికి కట్టెపుల్లయ్యాడు. వైద్యుడు తూచి చూసి పెదవి విరిచాడు.

"నాలుగు వీశెలు తగ్గావు పున్నయ్యా. పది రోజుల్లో మూడో విడత. ఈలోగా ఇంకొక్క వీశె తగ్గినా మందివ్వను. ఇస్తే జబ్బు కాదు, మందే నిన్ను తీసుకుపోతుంది."

మర్నాడు గురవమ్మ సత్రం ముందు నుంచి పోతుంటే లోపల రత్తమ్మ ఏడుపు వినబడింది. వెళ్ళి చూస్తే పున్నయ్య గోడవైపు తిరిగి పడుకున్నాడు. పక్కన ఆకులో చప్పిడి అన్నం ముద్దకట్టి ఉంది.

"ఏందమ్మాయ్, ఇది మనిషి తినే కూడేనా?"

"పథ్యం పెద్దమ్మా. పప్పు పెడితే చీము పట్టిద్దన్నారు. పెరుగు పెడితే పడిశం పట్టిద్దన్నారు. గుడ్డు పెడితే వేడి చేసిద్దన్నారు. ఏం పెడితే ఏమైద్దోనని అన్నీ మానిపించా."

"ఎవరన్నారు?"

"చూడొచ్చినోళ్ళంతా అన్నారు."

గురవమ్మ సరాసరి వైద్యుడి దగ్గరికెళ్ళింది. "అయ్యా, ఈ పథ్యం మీరు చెప్పిందేనా?"

ఆయన తెల్లబోయాడు. "నేనెప్పుడు చెప్పాను? పచ్చివీ నిలవవీ వద్దన్నానంతే. పప్పు, పాలు, గుడ్డు, చేప... శుభ్రంగా ఉడికించి ఏదైనా పెట్టమను. అవి లేకుండా ఒళ్ళెలా నిలబడుతుంది?"

గురవమ్మకి కోపమూ వచ్చింది, జాలీ వేసింది. మొగుడి మీద ప్రేమతోనే మొగుణ్ణి పస్తు పెడుతోంది ఆ పిచ్చిది.

ఆ రోజు పున్నయ్య పక్కన కూర్చుని అడిగింది. "అబ్బాయ్, నోటికి ఏది హితవుగా ఉంది?"

"ఏదీ లేదు."

మెత్తగా పప్పన్నం చేయించింది. తిరగమోత వాసనకే వాడికి వాంతయింది.

రెండో రోజు పొయ్యి సత్రానికి అవతల, గాలి ఇటు రాని చోట పెట్టించింది. మళ్ళీ అడిగింది. "అబ్బాయ్, నోటికి ఏది హితవుగా ఉంది?"

"ఏదీ లేదు."

పాలల్లో జావ కాచిచ్చింది. గ్లాసు అంచు పెదవికి తగిలి వాడు మంటతో కేకపెట్టాడు.

మూడో రోజు జావ బాగా చల్లార్చి, ఉగ్గుగిన్నెలో పోసి తెచ్చింది. "అబ్బాయ్, నోటికి ఏది హితవుగా ఉంది?"

పున్నయ్య గిన్నె వంక చూశాడు. ఎక్కడ లేని రోషం వచ్చింది. "నేనేమన్నా పాలు తాగే పసోణ్ణా? నా పరువు తియ్యటానికి వచ్చావా?" అని ఒక్క తోపు తోశాడు. గిన్నె దొర్లుకుంటూ గుమ్మం దాకా పోయింది. రత్తమ్మ బిక్కచచ్చిపోయింది.

గురవమ్మ గిన్నె తీసి, కడిగి, మళ్ళీ జావ పోసుకొచ్చి కూర్చుంది. పిల్లల చేత ఎన్ని తన్నులు తిన్నదో ఆమె, ఇదొక లెక్కా?

"సరేగానీ, నీ ఎద్దుకి సుస్తీ చేసి మేత ముట్టకపోతే ఏం చేస్తావు?"

"గొట్టంతో జావ పడతా."

"తల తిప్పేసుకుంటే?"

"గంగడోలు నిమిరి మళ్ళీ పడతా. బతకాలిగా అది."

"ఎద్దుకి సిగ్గేసిద్దా?"

పున్నయ్యకి నవ్వొచ్చింది. నవ్వితే పెదవి పగిలి నెత్తురొచ్చింది. నెత్తురు తుడుచుకుని, కళ్ళు మూసుకుని నోరు తెరిచాడు.

గురవమ్మ గిన్నె ముక్కు పుండ్లు లేని బుగ్గవైపు ఆనించి పోసింది. మూడు గుటకలు. కాసేపాగి మూడు గుటకలు. మళ్ళీ కాసేపాగి మూడు గుటకలు. వాంతయితే తుడిచి, ఆగి, మళ్ళీ మూడు గుటకలు. ఒక పూట పెసరపప్పు జావ, ఒక పూట గుడ్డు వేసి కాచిన పాలు, ఒక పూట నెయ్యి వేసి మెదిపిన అన్నం. ఆమె నీళ్ళు పోయడానికి పోతే గిన్నె రత్తమ్మ పట్టుకునేది.

పదో రోజు వైద్యుడు పున్నయ్యని కాటా ఎక్కించాడు. సత్రమంతా వచ్చి చుట్టూ నిలబడింది. రత్తమ్మ చూడలేక కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది. ముల్లు అటూ ఇటూ ఊగి ఊగి ఆగింది.

"పెరగలేదు, తగ్గలేదు," అన్నాడు వైద్యుడు. "మందు తాగు."

మూడో విడత పడింది. మళ్ళీ నోరు పూసింది, మళ్ళీ మూడేసి గుటకలు. నెల తిరిగింది. ఒక పూట పున్నయ్య జావ మింగి మొహం చిట్లించాడు.

"ఏందే రత్తీ, దీన్లో ఉప్పు తగలేశావా లేదా?"

రత్తమ్మ గతుక్కుమంది. గురవమ్మ మాత్రం ఎగిరి గంతేసినంత పని చేసింది. "నాలుక తిరిగొచ్చిందే అమ్మాయ్! మట్టికీ మామిడిపండుకీ తేడా తెలియని నోరే, ఉప్పడుగుతోంది చూడు!" గుడిసెకి పరిగెత్తి బెల్లం అచ్చు పట్టుకొచ్చి, సత్రంలో ఉన్న అందరి చేతుల్లోనూ ముక్క పెట్టింది. పెడుతూ నవ్వింది, ఏడ్చింది.

పున్నయ్య మళ్ళీ చాలా ఏళ్ళు బండి తోలాడు. ఆ తర్వాత గురవమ్మ అలా ఎందరికి జావ పట్టిందో లెక్క లేదు. అందరూ బతికారని చెప్తే కళ్ళు పోతాయి. కానీ ఆమె ఉన్నన్నాళ్ళూ ఆ సత్రంలో ఎవరూ పస్తుండి పోలేదు. ఆమె పోయినప్పుడు, నా అన్నవాళ్ళు లేరు, దినానికి ఎవరొస్తారులే అనుకున్నారు ఊళ్ళోవాళ్ళు. తీరా చూస్తే ఏటి గట్టు పొడుగునా బళ్ళే.

ఆ వైద్యుడు లేడు, ఆ సత్రం లేదు. ఇప్పుడంతా సూదులూ సీసాలూ, పెద్ద పెద్ద ఆసుపత్రులూ. కానీ ఆ వైపు ఊళ్ళలో ఈనాటికీ ఆ జబ్బుకి మందు వాడే మనిషి, ఉప్పు చాల్లేదనో కారం ఎక్కువైందనో విసుక్కుంటే, వండినావిడకి కోపం రాదు. గరిటె అక్కడే పడేసి బెల్లం డబ్బా కోసం పరిగెత్తుతుంది. వీధి వీధంతా తిరిగి ముక్క ముక్క పంచుతుంది. దాన్ని గురవమ్మ బెల్లం అంటారు.

"ఎందుకమ్మా బెల్లం?" అని కొత్తవాళ్ళెవరైనా అడిగితే, కళ్ళు తుడుచుకుంటూ చెబుతుంది.

"మా ఆయన ఇవాళ నా వంటకి వంక పెట్టాడండీ!"