జిట్రేగి పిడి కత్తి

సుంకన్న కత్తి ముట్టేవాడు కాదు.

కొండ కింద ఫకీరు జలాల్ తాత ఉండే చోట, వచ్చినవాళ్లందరికీ రోజూ అన్నం పెడతారు. అక్కడి వంటశాలలో సుంకన్న నీళ్లు తోడేవాడు, బియ్యం కడిగేవాడు, గుండిగలు తోమేవాడు. కూరగాయలు తరిగే వేళకు మాత్రం ఏదో పని ఉన్నట్టు బయటికి పోయేవాడు. వంట చూసుకునే మహబూబ్‌బీ మొదట్లో విసుక్కుంది. తర్వాత సంగతి తెలిసి ఊరుకుంది.

ఒకప్పుడు సుంకన్న పెద్ద హోటల్లో వంటవాడు. ఉల్లిపాయ అతని చేతిలో కాగితంలా పల్చగా తెగుతుందని చెప్పుకునేవాళ్లు. ఒకరోజు పొయ్యి దగ్గర మాటా మాటా పెరిగింది. కోపంలో చేతిలోని కత్తి విసురుగా తిప్పాడు. పక్కన పనిచేసే ఓబులేసు కుడిచేతి నరాలు తెగాయి. ఆ చేత్తో ఓబులేసు మళ్లీ అన్నం కలుపుకోలేకపోయాడు. సుంకన్న జైలుశిక్ష ముగించుకుని, ఇంటికి పోవడానికి మొహం చెల్లక, తాత దగ్గరికి వచ్చేశాడు.

ఆ ఎండాకాలం మౌనాచారి అనే కమ్మరి, తన కొలిమిలో చేసిన కత్తి ఒకటి వంటశాలకు తెచ్చిచ్చాడు. లారీ కమాను ఉక్కును ఎర్రగా కాల్చి, సుత్తితో సాగగొట్టి చేసిన వెడల్పాటి కత్తి. పిడి జిట్రేగి చెక్కది. నున్నటి ఆ చెక్కలో నల్లచారలు అలల్లా పారుతున్నాయి. ఇది తుప్పు పట్టే ఉక్కు, వాడగానే తడి తుడిచి పెట్టండి అని మరీ మరీ చెప్పి పోయాడు.

మహబూబ్‌బీకి అంత తీరిక ఎక్కడిది? ఒక మధ్యాహ్నం, మామిడికాయ తరిగిన కత్తి తడితడిగానే బండమీద ఉండిపోయింది. సుంకన్న గుండిగలు తోమి వచ్చేసరికి దానిమీద ఎర్రటి చుక్కలు లేచాయి.

అతను చూడలేకపోయాడు. కత్తి తీసుకుని బూడిదతో రుద్దాడు. కడిగాడు. పొడిగుడ్డతో తుడిచి, వేలితో నూనె రాశాడు. పిడి అరచేతిలో కుదురుగా ఒదిగింది. తను పట్టుకున్నది ఏమిటో అప్పుడు తెలిసింది అతనికి. గబుక్కున కత్తి బండమీద పెట్టేసి వెనక్కి జరిగాడు.

గుమ్మంలో తాత నిలబడి ఉన్నాడు.

సుంకన్న తలెత్తలేదు. తనను వంటశాల నుంచి తప్పించి, గొడ్ల దగ్గర పని చెప్పమని అడిగాడు. కత్తి పట్టుకోగానే చేతికి ఎంతో హాయిగా అనిపించిందనీ, ఆ హాయే తనకు భయమనీ చెప్పాడు.

"ఇవి మంచి చేతులు కావు తాతా."

తాత పెరట్లోకి పోయి ఒక దోరజామకాయ తెంపుకొచ్చాడు. సుంకన్న ఎదురుగా నేలమీద కూర్చున్నాడు. కాయను ఎడమ అరచేతిలో పెట్టుకుని, చెయ్యి చాపాడు.

"కొయ్ నాయనా."

సుంకన్న పీట తెస్తానన్నాడు. తాత అడ్డంగా తలూపాడు. కత్తి చాలా పదునుగా ఉందనీ, ఏమాత్రం జారినా ప్రమాదమనీ సుంకన్న బతిమాలాడు. చాపిన చెయ్యి చాపినట్టే ఉంది. ముసలి చెయ్యి అది. చర్మం పల్చబడి నరాలు పైకి తేలి ఉన్నాయి. కాసేపటికి ఆ చెయ్యి సన్నగా వణకడం మొదలైంది.

ఆ వణుకు చూసి సుంకన్న కత్తి అందుకున్నాడు. కదలకుండా తాత చేతిని కిందినుంచి తన ఎడమచేత్తో పట్టుకున్నాడు. కత్తిని కాయమీద ఆనించాడు. తొక్క తెగింది. గింజల దగ్గర కరకరమంది. అతను ఊపిరి బిగబట్టాడు. వేగం తగ్గించాడు. ఇంకా తగ్గించాడు. అడుగుతొక్క విడిపోయిన చోట కత్తి ఆగింది.

కాయ రెండు ముక్కలై పక్కకు ఒరిగింది. తాత అరచేతిలో కాస్త జామరసం అంటుకుని ఉంది. అంతే. చిన్న గీత కూడా లేదు.

సుంకన్న కత్తి కింద పెట్టాడు. కళ్లనుంచి నీళ్లు కారుతున్నా, తాత చేతిని మాత్రం ఇంకా వదల్లేదు.

తాత ఒక ముక్క అతనికిచ్చి, రెండోది తను కొరికాడు. నిదానంగా నమిలాడు.

"చెట్టుకు ఇంకా శానా కాయలుండాయి" అన్నాడు. "ఉప్పూ కారం ఎత్తుకురాపో."