పేరడిగిన మద్దమ్మ

గుమ్మలపాడు దాటాక బండిబాట ఆగిపోతుంది. అక్కడి నుండి మద్దమ్మ సన్నిధికి రెండు మైళ్ళు కాలినడకే. దారి పొడవునా మొసలి వీపులాంటి బెరడుతో నల్లమద్ది వృక్షాలు నిలిచి ఉంటాయి. ఇక్కడ గోపురం లేదు, గర్భాలయం లేదు. ఆ చెట్లన్నిటిలోకీ వయసు మీరిన మానే అమ్మవారు.

పూర్వం ఈ కొండ దిగువన ఒక పల్లె ఉండేదట. ఒక వేసవిలో మహమ్మారి సోకి నలభై గడపలూ తుడిచిపెట్టుకుపోయాయి. మిగిలింది నూకాలు అనే ఇల్లాలు ఒక్కతే. భర్తనూ ఇద్దరు బిడ్డలనూ తన చేతులతోనే పూడ్చింది. రోగభయంతో పొరుగు గుమ్మలపాడు వారు ఆమెను పొలిమేర తొక్కనివ్వలేదు. కొడవలి ఒకటి పట్టుకొని అడవిలోకి నడిచింది. దుంపలు తవ్వుకు తింటూ, ఏడాది పాటు మనిషి మాట వినకుండా బ్రతికింది.

మరుసటి వేసవికి వాగులు ఎండాయి. మూడు రోజులు నీటిచుక్క దొరకక, మిట్టమధ్యాహ్నం నూకాలు ఈ మాను మొదట్లో పడిపోయింది. ఇక లేవకూడదనుకుంది. తల ఎత్తి చూస్తే, పిడుగుపాటుకు సగం కాలిన ఆ మాను మిగిలిన సగంతో చిగురు తొడిగి ఉంది. తొర్రల్లో చిలకలు, కొమ్మకు తేనెపట్టు.

“ఇంత కాలిపోయావు, ఎవరి కోసం నిలబడ్డావే తల్లీ?” అని అడిగింది. అంతలో కన్ను మూతపడింది.

కలలో నల్లని ముసలమ్మ ఆమె తల ఒడిలో పెట్టుకుంది. “ఏటే నీ పేరు?”

నూకాలుకు దుఃఖం పొంగింది. “పిలిచేవోళ్ళే లేరు. పేరెందుకమ్మా?”

“నేను పిలుస్తాను, చెప్పు.”

“నూకాలు.”

“నూకాలూ, లే. నా పక్కలో కణితి ఉంది, కొయ్యి. ఎవరొస్తారో నాకూ తెలీదే. వస్తారనే ఉన్నాను.”

మెలకువ వచ్చి చూస్తే, మాను బెరడు మీద నిజంగానే బుడిపె ఉంది. కొడవలితో గాటు పెట్టగానే వగరు నీరు చిమ్మింది. కడుపారా త్రాగి, గాయాన్ని బంకమట్టితో మూసింది. ఆపైన ఆమె ఈ చోటు విడువలేదు. వానలు పడ్డాక చెలమ తవ్వి, దారిన పోయేవారికి దప్పిక తీర్చింది. తనను రానివ్వని ఊరివారు వచ్చినా ముందు పేరడిగి, ఆ పేరుతో పిలిచి, తరువాతనే నీళ్ళు పోసింది.

నేటికీ ఇక్కడి పూజారులు గుమ్మలపాడు వారే. భక్తులు ఒక్కొక్కరుగా, మౌనంగా నడిచి వస్తారు. పూజారి పేరడిగి, అడవి వినేలా ఒకసారి పిలిచి, చెలమ నీరు దోసిట పోస్తాడు. అయినవారిని పోగొట్టుకున్నవారికి ఆ పిలుపుతో గుండె బరువు దిగుతుందని నమ్మకం.

సాయంకాలం అందరూ వెళ్ళిపోయాక పూజారి చివరగా “నూకాలూ!” అని పిలుస్తాడు. కాసేపు ఆగి, అప్పుడు దీపం వెలిగిస్తాడు.