చివరి పేజీ దగ్గర లేచి వెళ్ళిపోయిన పిల్ల

రండి తల్లీ, రండి బాబూ, ఆ గోడవార ఎందుకు, ఇలా ముందుకు జరగండి. గొంతు పెంచి చెప్పే కథ కాదిది. పరమాత్మ ఒక్కోసారి చాలా చిన్న పనిలో కూర్చుని ఉంటాడు. దగ్గరికొస్తేగాని కనబడడు.

బర్మా నుంచి మనవాళ్ళు ఓడల్లో తిరిగొచ్చిన రోజులవి. మనవాళ్ళంటే, తాతల నాడు అక్కడికి వలసపోయిన తెలుగువాళ్ళు. పెద్దవాళ్ళకది తిరిగి రావడం. మరి అక్కడే పుట్టిన పిల్లలకో? ఇదే పరదేశం. విశాఖ సముద్రపొడ్డున పాకలు వేసుకుని ఉండేవారు.

ఆ పాకల పక్కనే నిత్యబోధస్వామి ఆశ్రమం, అందులో చిన్న బడి. బడి చూసేవాడు స్వామి శిష్యుడు వామనమూర్తి. మంచివాడే, కాకపోతే మనసుకి నిలకడ తక్కువ. ఆ పిల్లల కోసమని ఒక బొమ్మల పుస్తకం రాశాడు. ఓడలో వచ్చిన పిల్ల కథ. చివరి పేజీలో ఆ పిల్ల ఒడ్డున నిలబడి, చేతులు జోడించి, "నన్ను చేరదీసిన ఊరికి దండాలు" అంటుంది.

అచ్చుకిచ్చే ముందు బడిలో చదివి వినిపించాడు. ఆ చివరి మాట పిల్లల్ని ఒక్కొక్కరినీ నిలబెట్టి చెప్పించాడు.

నూకరత్నం వంతు వచ్చింది. తొమ్మిదేళ్ళ పిల్ల. లేచింది, పలక చంకన పెట్టుకుంది, గుమ్మం దాటి వెళ్ళిపోయింది. మర్నాడు రాలేదు. వారమైనా రాలేదు.

వామనమూర్తికి కాలు నిలవలేదు. ఓడ రంగు మార్చాడు. కథలో పిల్ల పేరు మార్చాడు. ఇసుకలో అటూ ఇటూ తిరిగాడు, మళ్ళీ వచ్చి రాశాడు, మళ్ళీ కొట్టేశాడు. చివరికి స్వామి ముందుకొచ్చి పడ్డాడు.

"ఐదుసార్లు తిరగరాశాను స్వామీ. ఎక్కడ తప్పో తెలియడంలేదు. ఆ పిల్ల ఇక రాకపోతే దాని చదువు పోయినట్టే. వాళ్ళకోసమే కదా రాశాను! కాస్త కృతజ్ఞత నేర్పితే తప్పా?"

స్వామి పుస్తకం తెరవలేదు. "భోజనం వేళయింది, పద" అన్నారు.

తిన్నగా నూకరత్నం వాళ్ళ పాకకి తీసుకెళ్ళారు. పిల్ల నాయనమ్మ అసిరమ్మ హడావిడిగా చాప పరిచి, గడులు గడులుగా ఉన్న చెక్కపెట్టె తెచ్చి ముందు పెట్టింది. బర్మాలో ఇంటికొచ్చిన మనిషికి చేసే మర్యాద అది. నడిమి గడిలో ఊరబెట్టిన తేయాకు, చుట్టూ వేయించిన వేరుసెనగ, నువ్వులు, వెల్లుల్లి.

"తమరొచ్చినారని ఎండురొయ్యలు ఎయ్యనేదు సామీ" అందావిడ.

"ముందు మా వామనుడికి పెట్టమ్మా."

తేయాకు కాచుకు తాగడమే తెలిసిన మనిషాయె. నోట్లో పెట్టుకున్నాడు. చేదు, వగరు, పులుపు, అన్నీ ఒకేసారి. వాకిట్లో అప్పటికే పదిమంది పోగయ్యారు.

"మేష్టారి మొకం సూడండర్రా, ఆముదం పోసినట్టు!" అన్నారెవరో. పిల్లలు కిలకిలమన్నారు.

"వామనా, లేచి దండం పెట్టు" అన్నారు స్వామి.

పెట్టాడు. కూర్చుని నమలబోయాడు.

"మళ్ళీ పెట్టు. ఈసారి నవ్వుతూ."

పెట్టాడు.

"ఇంకోసారి. చేరదీసి పెట్టారని అందరికీ వినబడేట్టు చెప్పు."

ఈసారి లేవలేదు. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "స్వామీ! ముందు ఇది గొంతు దిగనివ్వండి!"

నవ్వులు ఆగిపోయాయి.

"నువ్వొచ్చి ఎంతసేపైందిరా?" అడిగారు స్వామి మెల్లగా.

"పావుగంట."

"నూకరత్నం వచ్చి?"

"మూడు నెలలు."

స్వామి తనూ చిటికెడు తేయాకు తీసుకుని నిదానంగా నములుతూ కూర్చున్నారు.

ఆ పిల్లకీ చేదు ఇంకా గొంతు దిగలేదని తోచి వామనమూర్తి తల వంచుకున్నాడు. అంతలో నూకరత్నం చిన్న చెయ్యి వేరుసెనగల గడిని అతని వైపు తిప్పింది.

"ఇయ్యి కలుపుకోండి మేష్టారూ, సేదు తగ్గుతాది. మా యమ్మ నాకలాగే ఎట్టీది."

"మీ అమ్మ... ఏదమ్మా?"

"ఆవిడ బర్మా మనిషి. ఓడెక్కనేదు. అక్కడే ఉండిపోనాది."

ఇన్నాళ్ళూ అక్షరాలు దిద్దించాడు, ఆ మాట ఏనాడూ అడగలేదు. ఇప్పుడు కూడా బడి ఊసెత్తలేదు, పుస్తకం ఊసెత్తలేదు. పిల్ల చెప్పినట్టే కలుపుకుని, గడి ఖాళీ అయ్యేదాకా తిన్నాడు. పిల్ల చెబుతూ ఉంది, అతను వింటూ ఉన్నాడు.

అమ్మా, అయ్యా, ఇందులో మిగతాదంతా మరిచిపోయినా ఫరవాలేదు. రేపు మీ వీధిలోకి ఎక్కడినుంచో ఒక పిల్ల వస్తుంది. ఒడిశా నుంచో, నేపాల్ నుంచో. దానికి మీరేదైనా చదివి వినిపించే ముందు, వాళ్ళ గుమ్మంలో కూర్చుని వాళ్ళు పెట్టింది తినండి. అదొక్కటి చెయ్యండి. చేసి, మీ పిల్లల చేత చేయించండి.